మాటలు రాని పసిబిడ్డకు మన గొంతులోని కోపం తెలుస్తుందా?

తెలుస్తుంది, మాటల అర్థం తెలియడానికి చాలా ముందే పిల్లలు గొంతు తీరును పట్టుకుంటారు. ఎందుకంటే వినికిడి పుట్టకముందే మొదలవుతుంది. ఏడో నెల వచ్చేసరికి కడుపులోని బిడ్డ అమ్మ గొంతు వింటుంది. కాకపోతే ఒంటిని, ఉమ్మనీటిని దాటి వచ్చేసరికి మాటలు మసకబారి, స్వరంలోని ఎత్తుపల్లాలు, లయ మాత్రమే బాగా చేరతాయి. పుట్టిన మూడు రోజుల్లోపే అమ్మ గొంతును వేరే ఆడవాళ్ల గొంతు నుంచి వేరుగా గుర్తుపట్టేది అందుకే.

ఎనిమిది నెలల బిడ్డను "ఓరి దొంగా, తన్నమంటావా?" అని లాలనగా అడగండి, బోసినవ్వు నవ్వుతాడు. "ఇలా రా నాన్నా" అనే మంచి మాటనే కసిరినట్టు అంటే పెదవి విరుస్తాడు.

"వాడికేం తెలుసు, పసివాడు" అనుకుని ఉయ్యాల పక్కనే గొడవపడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇది నిజంగా పొరపాటు. నిద్రలో ఉన్నప్పుడు కూడా పసివాళ్ల మెదడు కోపపు గొంతుకు వేరుగా స్పందిస్తుంది. అలాగని ఎప్పుడో ఒకసారి గొంతు పెరిగిందని టెన్షన్ పడక్కర్లేదు, ఎత్తుకుని మెల్లగా మాట్లాడితే బిడ్డ కుదుటపడతాడు. రోజూ అదే అరుపులైతేనే నష్టం.