గగనతల ముప్పును ముందే లెక్కగట్టే పని: కంప్యూటర్ సైన్స్ విద్యార్థినికి దారి ఉందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఉద్యోగరీత్యా చెన్నై పెరంబూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి ఇక్కడే కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. విమానాల రాకపోకలను కంప్యూటర్‌లో నడిపించి, ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో ముందే అంచనా వేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఇది నిజంగా ఉద్యోగమేనా? లక్షల్లో ఫీజు చెబుతున్న ఒక ఏవియేషన్ డిప్లొమాలో చేర్పించమంటారా?

జవాబు: ఇది నిజమైన ఉద్యోగమే, విలువైన ఉద్యోగం కూడా. అయితే మన దేశంలో ఈ పోస్టులు తక్కువ. డిప్లొమా మాత్రం వద్దు. ఈ పనికి ప్రాణం సంభావ్యత, గణాంక శాస్త్రం. అవి మీరు చెప్పిన తరహా కోర్సులో దొరకవు.

సిమ్యులేషన్ అనగానే చాలామందికి పైలట్లు కూర్చునే కాక్‌పిట్ నమూనా గుర్తొస్తుంది. మీ అమ్మాయి చెబుతున్నది వేరు. ఒక ప్రాంతపు గగనతలాన్ని మొత్తం, అంటే విమానాలు, గాలి, నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ల ఆదేశాలు, పరికరాల లోపాలతో సహా, కంప్యూటర్‌లో నిలబెట్టి, కొత్త మార్గమో కొత్త నిబంధనో అమల్లోకి రాకముందే అందులో పరీక్షించే ఏర్పాటునే టెస్ట్‌బెడ్ అంటారు. ఇందులో అసలు కష్టం ఎక్కడుందో ఒక్క అంకె చెబుతుంది. విమానాల మధ్య ఎడం తగ్గించే నిర్ణయాలకు అంతర్జాతీయంగా వాడే భద్రతా ప్రమాణం, 20 కోట్ల ఎగిరే గంటలకు ఒక ప్రాణాంతక ప్రమాదం. వెయ్యి విమానాలు రాత్రింబవళ్లు ఆగకుండా ఎగిరినా అన్ని గంటలు పూర్తవడానికి దాదాపు 23 ఏళ్లు పడుతుంది. కాబట్టి ప్రమాదం జరిగేదాకా చూసి లెక్క కట్టడం కుదరదు. కంప్యూటర్‌లో ఊరికే నడుపుతూ పోయినా అది ఎప్పటికో గాని ఎదురుకాదు. దారి తప్పడం, ఎత్తు పొరబడటం, హెచ్చరిక ఆలస్యం కావడం వంటి చిన్న చిన్న ఘటనల సంభావ్యతలను విడివిడిగా కొలిచి, వాటిని కలిపి, అరుదైన దాన్ని అంచనా వేయాలి.

ఈ లెక్కలు మీకు దగ్గరలోనే జరుగుతున్నాయి. బంగాళాఖాతం, అరేబియా సముద్రం మీదుగా వెళ్లే విమానాల మధ్య ఎడం సురక్షితంగా ఉందా అని పరిశీలించే బోబాస్మా అనే పర్యవేక్షణ విభాగాన్ని భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ చెన్నై నుంచే నడుపుతోంది. తీరం నుంచి దూరమయ్యేకొద్దీ రాడార్ అందదు. అందుకే నిర్దేశిత మార్గం నుంచి పక్కకు జరిగిన ప్రతి విమానం గురించిన నివేదిక అక్కడి లెక్కకు ముడిసరుకు.

మీ అమ్మాయి తప్పక చదవవలసిన ఘటన ఒకటుంది. 2002 జూలై 1న జర్మనీ దక్షిణాన ఊబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది చనిపోయారు. ఢీకొనడాన్ని నివారించే టీకాస్ పరికరం రెండింటిలోనూ పనిచేస్తూనే ఉంది. అది ఒక విమానాన్ని పైకి వెళ్లమంది. అదే విమానాన్ని కంట్రోలర్ కిందికి దిగమన్నారు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. రెండో విమానం టీకాస్ చెప్పినట్టే దిగింది. టీకాస్ రూపకల్పనలో, హెచ్చరిక వచ్చిన 5 సెకన్లలో పైలట్ స్పందిస్తారనీ, చెప్పిన వైపే వెళ్తారనీ భావిస్తారు. ఆ ఊహ తప్పిన రోజున ఏమవుతుందో సిమ్యులేషన్‌లోనే అడగాలి. ఒక విమానం సూచన పాటించకపోతే రెండో విమానానికిచ్చిన సూచనను తిప్పి ఇచ్చే తర్కాన్ని తర్వాతి 7.1 వెర్షన్‌లో మెరుగుపరిచారు. నా దృష్టిలో ఈ రంగానికి కావలసిన మనిషి, సిమ్యులేటర్‌ను అందంగా కట్టేవారికన్నా, అందులో దాగిన ఊహలను ఒక్కొక్కటిగా బయటికి తీసి ప్రశ్నించేవారే.

ఇప్పుడు చేయవలసిన పని. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసిన బ్లూస్కై అనే గగనతల సిమ్యులేటర్ ఉచితం. పైథాన్‌లో ఉంది కాబట్టి మీ అమ్మాయికి కొత్తగా అనిపించదు. విమానాలు ప్రసారం చేసే స్థాన సమాచారాన్ని ఓపెన్‌స్కై నెట్‌వర్క్ పరిశోధనకు అందిస్తుంది. చివరి ఏడాది ప్రాజెక్టుకు మన మీనంబాక్కం విమానాశ్రయాన్నే తీసుకోమనండి. అక్కడి రెండు రన్‌వేలూ ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల వేళ దిగే విమానాల వరుసను కొన్ని రోజుల సమాచారంతో నమూనాగా కట్టి, ఆ సమాచారంలో లేని వేరే రోజులతో దాన్ని సరిచూడాలి. నమూనా ఎక్కడ తప్పిందో నిజాయితీగా రాసిన నాలుగు పేజీలు, ఇంటర్వ్యూలో రంగురంగుల తెరకన్నా ఎక్కువ పలుకుతాయి.

పై చదువు విషయానికొస్తే, ఏరోస్పేస్‌లోనే ఎం.టెక్. చేయాలన్న నియమం లేదు. గేట్‌లో కంప్యూటర్ సైన్స్‌తోపాటు 2019 నుంచి గణాంక శాస్త్రం, 2024 నుంచి డేటా సైన్స్ పేపర్లూ ఉన్నాయి. ఐఐటీ మద్రాస్, బెంగళూరు ఐఐఎస్‌సీలలో ఆమె గేట్ పేపర్‌కు ఏయే విభాగాలు తలుపు తెరుస్తాయో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. పరిశోధనకు బెంగళూరులోని జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాల ఉంది. ఎయిర్‌బస్, బోయింగ్, హనీవెల్, థాలెస్ సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలూ అక్కడే ఉన్నాయి.

ఇంకొక దారిని తల్లిదండ్రులు తరచూ పట్టించుకోరు: విమానాశ్రయ ప్రాధికార సంస్థలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం. ఇంజినీరింగ్‌లో ఏదో ఒక సెమిస్టర్‌లో భౌతిక శాస్త్రం, గణితం చదివి ఉంటే అర్హత ఉంటుంది. సాధారణ విభాగానికి గరిష్ఠ వయసు 27 ఏళ్లు. రాడార్ తెర ముందు కూర్చున్న అనుభవమున్న వ్యక్తి భద్రతా విశ్లేషణలోకి వస్తే, కంట్రోలర్ ఒత్తిడిలో ఎలా మాట్లాడతారో అంకెలు చూడకుండానే చెప్పగలరు. ఆ జ్ఞానం ఏ తరగతి గదిలోనూ రాదు.

క్యాంపస్‌లో ఐటీ ఉద్యోగం వస్తే చేరనివ్వండి. వయోపరిమితికి ఇంకా ఆరేడేళ్ల సమయం ఉంది, గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. డిప్లొమాకు అనుకున్న డబ్బును ఎం.టెక్. ఖర్చుకు దాచండి.