కరోనా రెండో దశ మీ ఊరి ఆర్థిక పరిస్థితిని ఎలా దెబ్బతీసింది?

కర్ఫ్యూ దెబ్బతీసిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. మా ఊరిని ముంచింది ఆసుపత్రి బిల్లు.

గుంటూరుకు గంట దూరంలో ఉన్న చిన్న పట్టణం మాది. ఇక్కడి ఒక బ్యాంకులో తాకట్టుకు వచ్చే నగలకు విలువ కట్టడం నా పని. జీతం లేదు, ఒక్కో రుణానికి ఇంతని కమిషన్. ఊళ్ళో ఎవరి చేతిలో డబ్బు ఆడుతోందో, ఎవరికి కటకటగా ఉందో అందరికంటే ముందు నా కాటాకే తెలుస్తుంది.

2020లో కూడా నగలు వచ్చాయి. దుకాణం అద్దెకో, సరుకు తేవడానికో కుదువ పెట్టారు. ఆ డబ్బు ఊళ్ళోనే తిరిగింది, సంక్రాంతికల్లా చాలామంది విడిపించుకున్నారు. పైగా ఆ ఆగస్టులో రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులు నగ విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితిని 90కి పెంచింది. పది గ్రాముల మేలిమి బంగారం 56 వేలు దాటిందీ ఆ నెలలోనే. తొందర లేనివాళ్ళు కూడా నగలు పెట్టి ఇళ్ళస్థలాలు కొన్నారు.

ఆ వెసులుబాటుకు గడువు 2021 మార్చి 31. గడువు తీరిందో లేదో, ఏప్రిల్‌లో రెండో దశ విరుచుకుపడింది. పరిమితి మళ్ళీ 75. ధర మార్చిలో 45 వేల కిందికి జారి అప్పుడప్పుడే తేరుకుంటోంది. గొడుగు సరిగ్గా వాన మొదలయ్యే వేళకు లాక్కున్నారు.

మే నెలలో బస్టాండు దగ్గర ఇడ్లీబండి పెట్టుకునే ఆవిడ వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకే కర్ఫ్యూ, ఆలోపే అన్నీ ముగించాలి. భర్త గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడు, ముందు రెండు లక్షలు కడితేనే మంచం ఉంచుతామన్నారట. ఆరోగ్యశ్రీలో కరోనా చికిత్స ఉంది కదమ్మా అంటే, ఆ మంచాలు నిండిపోయాయన్నారని చెప్పింది. చీరకొంగు ముడి విప్పి బల్ల మీద నగలు పెట్టింది: నానుతాడు, బుట్టకమ్మలు, చీటీ పాడి కూతురి పెళ్ళికని కొన్న రాళ్ళ నెక్లెసు. చెవులకు అప్పటికే వేపపుల్లలు ఉన్నాయి.

నెక్లెసు బిల్లులో 32 గ్రాములు. రాళ్ళు, లక్క తీసేస్తే నా లెక్కలో 23. ఆవిడ కాసేపు కాటా వంకే చూసి, "ఆచారి గారూ, మరోసారి తూచండి" అంది. తూచాను. అదే బరువు. ఈ రాళ్ళ నగలమ్మే దుకాణాల మీద నాకు ఎప్పటినుంచో మంట. ఆ జూన్‌లో బంగారం స్వచ్ఛతను చెప్పే హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ రాళ్ళను బంగారం ధరకు అంటగట్టేవాణ్ణి ముద్ర ఏం చేస్తుంది?

మొత్తం మీద లక్షన్నరకు కొంచెం తక్కువ వచ్చింది. అవే నగలు అంతకుముందు ఆగస్టులో తెచ్చి ఉంటే ఇంచుమించు రెండు లక్షలు వచ్చేవి. తక్కువ పడిన యాభై వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. అంటే నెలకు పదిహేను వందలు, అసలు కదలకుండానే.

అతను బతికి వచ్చాడు, అదృష్టం. కానీ పిండి రుబ్బడానికి, గ్యాసు బండ మోయడానికి ఓపిక లేక బండి చాలాకాలం మూలపడింది. చిరువ్యాపారులకు ప్రభుత్వం ఇప్పించిన వడ్డీలేని అప్పు, జగనన్న తోడు కింద పెట్టుబడికని వచ్చిన పది వేలు మందులకే అయిపోయాయి. ప్లేట్లు కడిగే అమ్మాయిని మానిపించారు. కిరాణా కొట్టులో ఖాతా ఆగింది. చీటీ కట్టడం మానేశారు, చీటీ నడిపే ఆవిడ మిగతావాళ్ళకు సర్ది చెప్పలేక తన గాజులు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. ఒక్క బిల్లుకు ఇంతమంది. అలాంటి బిల్లులు వీధికి ఎన్నో. ఊళ్ళో చేతులు మారాల్సిన డబ్బంతా గుంటూరు కౌంటర్లలో పడింది, అక్కణ్ణుంచి మా ఊరికి ఏ దారినా తిరిగి రాదు. ఆ రెండు నెలలు పెరిగిన ఆదాయం ఏదైనా ఉందంటే నా కమిషనే. సంతోషంగా తీసుకోలేదు, తీసుకోకుండానూ ఉండలేదు.

అవసరానికి అందని సాయం బంగారం రుణాల్లోనే కాదు, మందుల మీద పన్ను సంగతీ అంతే. కరోనా రోగులకు వాడిన రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించింది జూన్ 12న. దేశంలో రోజుకు నాలుగు లక్షల కేసులు దాటింది మే మొదటి వారంలో!

2022 నాటికి బజారు కోలుకుందని రాసేవాళ్ళు తెరిచిన షట్టర్లను లెక్కపెడుతున్నారు. పత్రికల్లో పేజీలకు పేజీలు వచ్చిన బంగారం వేలం ప్రకటనలు వాళ్ళ కంట పడలేదేమో. చాలావాటిలో పేర్లుండవు, ఖాతా నంబర్లే. ఇడ్లీబండి ఆవిడ వడ్డీ కట్టి ఏటా తిరగరాయించుకుంటోంది కాబట్టి ఆమె నంబరు వాటిలోకి ఎక్కలేదు.

ఆ 90 శాతం గడువును ఇంకో ఆరు నెలలు పొడిగించి ఉంటే మూడు రూపాయల వడ్డీకి పోయినవాళ్ళు సగానికి సగం తగ్గేవారని రాసిస్తాను. ధర పడితే బ్యాంకులకు నష్టమని భయపడ్డారేమో. తర్వాత బంగారం ధర ఎటు పోయిందో ఎవరికీ చెప్పనక్కర్లేదు.