సివిల్ చదివిన అబ్బాయిని డేటా సైన్స్‌కు తిప్పాలా?

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ ఇంజినీరింగ్ ఫైనలియర్. షికాగో వెళ్లి స్ట్రక్చరల్‌లో ఎమ్మెస్ చేసి ఎత్తయిన టవర్లు డిజైన్ చేస్తానంటున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి పంపాలి. ఎదురింటి అబ్బాయిలా డేటా సైన్స్‌కు మారమంటే వినడం లేదు. పోనీ, స్ట్రక్చరల్ మంచిదా, కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంటా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మీ భయమంతా అప్పు గురించి. ఇల్లు తాకట్టు పెట్టి పంపాక ఉద్యోగం రాకపోతే ఎలా అనే కదా! ఆ భయం న్యాయమైనదే. కానీ దానికి డేటా సైన్స్ విరుగుడు కాదు.

సివిల్ వాళ్లకు అమెరికాలో మూడేళ్లు పనిచేసే వీలుండదని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. అది తప్పు. సివిల్ కూడా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సే. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఏడాది ఓపీటీ అనుమతి, ఆపైన 24 నెలల పొడిగింపు దానికీ ఉన్నాయి. ఆ తర్వాత కావాల్సిన హెచ్-1బీ ఉద్యోగ వీసా గండమంటారా, అది అందరికీ ఉంది. నాలుగేళ్లు బీములు, స్లాబులు చదివినవాడు ఇప్పుడు కొత్తగా పైథాన్ నేర్చుకుని, మొదటి నుంచీ కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నవాళ్లతో తొలి ఉద్యోగానికి పోటీ పడాలి. ఫ్రెషర్లు చేసే పనుల్లోకే ఇవాళ ఏఐ ముందు దూరుతోంది. ఎదురింటి అబ్బాయి 2021లో సెటిలయ్యాడని చూపించకండి, అప్పటి నియామకాల జోరు వేరు. గట్టిగా అంటున్నానని అనుకోవద్దు. ‘వినడం లేదు’ అని రాశారు గానీ, వాడికి టవర్లంటే ఎందుకంత ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఎప్పుడైనా అడిగారా?

అబ్బాయి కూడా ఒకటి తెలుసుకోవాలి. ఢాకాలో పుట్టి, 1952లో షికాగో ఉన్న ఇలినాయ్ రాష్ట్రానికి చదువుకోవడానికి వెళ్లిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ షికాగోలో 100 అంతస్తుల హాంకాక్ సెంటర్‌కు, 110 అంతస్తుల సియర్స్ టవర్‌కు ఇంజినీరు. గాలి తాకిడిని భవనం బయటి చట్రమే కాచుకునేలా చేయడం ఆయన గొప్పతనం. దానికే మనసు పడ్డాడంటే ముచ్చటైన విషయమే. అయితే అలాంటివి ఏటా లేవవు. 2,000 అడుగుల షికాగో స్పైర్ అనే టవర్ 2008 మాంద్యంలో ఆగిపోయి, ఏళ్ల తరబడి గొయ్యిగానే ఉండిపోయింది. ఇంజినీర్లకు రోజూ కూడు పెట్టే పని వేరే. 80 అడుగులు దాటిన భవనాల బయటి గోడలను తనిఖీ చేయించాలని అక్కడ నగర నిబంధన ఉంది. లాసాల్ స్ట్రీట్‌లో పాత ఆఫీసులను అపార్ట్‌మెంట్లుగా మార్చే పనులు నడుస్తున్నాయి. హాంకాక్ పక్కనే ఉన్న వాటర్ టవర్ ప్లేస్ మాల్‌లో 2021లో మేసీస్ అనే పెద్ద దుకాణం మూతపడింది. అలా ఖాళీ అయిన షాపింగ్ అంతస్తులను ఇంకో అవసరానికి వాడాలంటే, ఏ పిల్లర్ ఎంత బరువు ఆపుతుందో తేల్చాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరే. ఈ పనికీ ఇష్టపడితేనే వెళ్లమనండి.

ఇక మీరడిగిన తేడా. గంటలకొద్దీ లెక్కల్లో కూర్చోగలిగితే స్ట్రక్చరల్. కాంట్రాక్టర్లతో వాదించి గడువులోపు పని చేయించగలిగితే మేనేజ్‌మెంట్. ఇలినాయ్‌లో స్ట్రక్చరల్‌కు విడిగా లైసెన్సు ఉంది, దానికి కొన్నేళ్ల అనుభవం కావాలి. సాఫ్ట్‌వేర్ జీతాలు లెక్కేసుకుని లోను తీసుకోకండి, సివిల్ తొలి జీతంతో వాయిదా కట్టగలడా లేదా అన్నది ముందే కాగితం మీద వేసి చూడండి.

వీసా కుదరక తిరిగొచ్చినా ఈ చదువు వృథా పోదు. కోకాపేటలో 50 అంతస్తులు దాటిన టవర్లు లేచాయి. గాలి, భూకంపం లెక్కలు తెలిసినవాళ్లు ఇక్కడా కావాలి. అంత దిగులు అక్కర్లేదండీ.

ఈ ఆదివారం వాణ్ని కూర్చోబెట్టుకుని, హాంకాక్ బయట ఆ ఎక్స్ ఆకారపు దూలాలు ఎందుకున్నాయో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే స్ట్రక్చరల్‌కే అప్లై చేయనివ్వండి. తడబడితే ఒక ఏడాది హైదరాబాద్‌లో ఏదైనా డిజైన్ ఆఫీసులో పనిచేశాక వెళ్లమనండి. అప్పటిదాకా ఇంటి కాగితాలు బ్యాంకుకు ఇవ్వక్కర్లేదు.