జీతమా, బత్తెమా?

సందేహం: గోదావరి జలాల ట్రైబ్యునల్ మీద వ్యాసం రాస్తూ "సభ్యుల జీతభత్యాలు" అన్నాను. "వాళ్లు నెలజీతానికి కుదిరినవాళ్లా?" అని మిత్రుడు పట్టుకున్నారు. పైగా భత్యం కాదు, బత్తెం అనాలట. "ప్రయాణ ఖర్చులు" అంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, నర్సాపురం

సమాధానం: మీ మిత్రుడి మాటలో పస ఉంది. 1969లో ఆ ట్రైబ్యునల్‌ను వేసింది 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం కింద. సభ్యులకు, వాళ్లకు సలహా చెప్పే నిపుణులైన అసెసర్లకు ఇచ్చేవాటిని ఆ చట్టం 10వ సెక్షన్ మూడు మాటల్లో చెప్పింది: పారితోషికం, భత్యాలు, ఫీజులు. జీతం ఊసు లేదు. పాలేరు ఏడాదికింత అని జీతానికి కుదురుతాడు, ఊడ్పులకు వచ్చినవాళ్లు ఏ రోజుకారోజు కూలి పుచ్చుకుంటారు. ఈ తేడా మన డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక బత్తెం. దీని మూలం సంస్కృత "భక్తం", అంటే వండిన అన్నం. ప్రాకృతంలో "భత్త" అయి మనకు బత్తెంగా వచ్చింది. దారిలో తినడానికి కట్టుకెళ్లేది దారిబత్తెం. "జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందట" అన్న సామెతలో జీతం వేరు, బత్తెం వేరు. కోర్టులో సాక్షికి కట్టే బత్తా, కారు డ్రైవర్ అడిగే బేటా కూడా ఈ అన్నం మెతుకులే! భత్యం అన్నది బత్తేనికి తొడిగిన సంస్కృత వేషం. అయినా ఆఫీసుల్లో, పత్రికల్లో స్థిరపడింది కాబట్టి తప్పనను. నాకైతే బత్తెమే ఇష్టం.

ఖర్చు, భత్యం ఒకటి కావు. మీ ఊరి రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లి, టిక్కెట్టు చూపించి అంత డబ్బే తెచ్చుకుంటే అది ప్రయాణ ఖర్చు. కిలోమీటరుకింత అని ముందే కట్టిన రేటు ప్రకారం ఇస్తే ప్రయాణ భత్యం.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. టీఏ (ప్రయాణ భత్యం) పక్కన వచ్చే డీఏ దినభత్యం (డెయిలీ అలవెన్స్), జీతం పక్కన వచ్చే డీఏ కరవు భత్యం (డియర్‌నెస్ అలవెన్స్). ఒక ప్రకటనలో, క్యాంపుకు వెళ్లిన సభ్యులకు రోజుకింత "కరవు భత్యం" అని అచ్చయి ఉంటే చూసి మనసు చివుక్కుమంది. అనువదించినవారు ఆ రెండు అక్షరాల దగ్గర ఒక్క క్షణం ఆగాల్సింది.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: "సభ్యులకు పారితోషికం, భత్యాలు ఇస్తారు." "చెల్లించబడును" మాత్రం వద్దు.