ద్రాక్ష మీద తెల్లపొడి మందేనా? – సమాధానం

పాపకి ద్రాక్ష పెట్టాలంటే భయంగా ఉంది, దాని మీదుండే ఆ తెల్లపొడి పురుగుమందేనా, వెజిటబుల్ వాష్ కొనాలా అని అడిగారు కదండీ. ముందు టెన్షన్ తగ్గించుకోండి. పండంతా ఒకేలా మసకగా ఉండి, వేలితో రుద్దితే నిగనిగలాడిందంటే అది ద్రాక్షకి సహజంగా వచ్చే మైనం పొర. మందు చుక్కలు ఎండితే మరకలు మరకలుగా కనిపిస్తాయి. అలాగని మరకలు లేనంత మాత్రాన మందు లేనట్టు కాదు, కడగాల్సిందే.

వాష్ కొనక్కర్లేదు. సబ్బు, డిటర్జెంట్ అసలే వద్దు, పండు వాటిని పీల్చుకుంటుంది. గుత్తిని చిన్న రెమ్మలుగా విడదీసి, కుళాయి ధార కింద వేళ్లతో రుద్దుతూ కడగండి. కాడ దగ్గర సందుల్లోకి నీళ్లు వెళ్లాలి.

వంటసోడా కూడా వాడొచ్చు. 2017లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు యాపిల్స్‌ని ఒక శాతం వంటసోడా కలిపిన నీళ్లలో ఉంచితే, తొక్క మీదున్న రెండు రకాల మందులు 12 నుంచి 15 నిమిషాల్లో పోయాయి. అంటే లీటరుకి సుమారు రెండు టీస్పూన్లు. తర్వాత మంచినీళ్లతో కడిగేయండి.

కానీ అదే పరీక్షలో తొక్కలోకి ఇంకిన మందు మాత్రం పోలేదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు మొక్క లోపలికే వెళ్తాయి కాబట్టి ఏ నీళ్లూ పూర్తిగా తీయలేవు. దాన్ని తోట దగ్గరే ఆపాలి. మందు కొట్టాక కోతకి ఎన్నాళ్లు ఆగాలో డబ్బా మీద రాసే ఉంటుంది. మీకు తెలిసిన రైతు ఉంటే ఆ గడువు పాటించారా అని మొహమాటం లేకుండా అడగండి. పాపకి రోజూ ద్రాక్షే కాకుండా అరటి, కమలా లాంటి తొక్క తీసేవీ మార్చి మార్చి పెట్టండి.