ఎమ్మాప్‌తో డేటాబేస్ రాస్తానంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ డిజైన్ చదివాను. ఫైల్ మొత్తాన్ని ఎమ్మాప్ చేసేసి (అంటే ఫైల్‌ని మెమరీ అడ్రసులకి తగిలించేసి), చదవడమూ రాయడమూ అంతా పాయింటర్లతోనే కానిచ్చేస్తే రీడ్, రైట్ కాల్స్ గొడవే ఉండదన్నావు. చదవడం వరకు నాకూ ఇష్టమే. రాయడం దగ్గర మాత్రం ఆగు. నేను చెప్పేదంతా లినక్స్ సంగతి.

ఎమ్మాప్ పిలిచినప్పుడు మామూలుగా డిస్క్ నుంచి ఏమీ రాదు, ఈ అడ్రసుల వెనక ఫలానా ఫైల్ ఉందని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ రాసి పెట్టుకుంటుందంతే. నువ్వు ఆ అడ్రస్‌ని మొదటిసారి ముట్టుకున్నప్పుడు పేజ్ ఫాల్ట్ వస్తుంది, అంటే ఆ పేజీ (మెమరీ ముక్క) ఇంకా తగిలించలేదని ప్రాసెసర్ కెర్నల్‌ని పిలుస్తుంది. కావలసిన పేజీ అప్పటికే పేజ్ క్యాష్‌లో (ఫైల్ డేటాని కెర్నల్ మెమరీలో ఉంచుకునే చోటు) ఉంటే పేజ్ టేబుల్‌లో (ఏ అడ్రస్‌కి ఏ పేజీ అన్న పట్టిక) ఎంట్రీ పెట్టేసి కెర్నల్ నిన్ను వదిలేస్తుంది, అది మైనర్ ఫాల్ట్. లేదంటే ఫైల్ సిస్టమ్‌ని అడిగి, డిస్క్‌కి రిక్వెస్ట్ పంపి, డేటా వచ్చేదాకా నీ థ్రెడ్‌ని పడుకోబెడుతుంది, ఇది మేజర్ ఫాల్ట్. చూడ్డానికి మామూలు అసైన్‌మెంట్‌లా ఉన్న లైన్ దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది, అదీ లాక్ పట్టుకుని ఉన్నప్పుడైతే ఆ లాక్ కోసం చూసే థ్రెడ్లన్నీ క్యూ కడతాయి. స్లో అనిపిస్తే ముందు మేజర్ ఫాల్ట్‌ల లెక్క చూడు. నీ ఇండెక్స్ అక్కడా ఇక్కడా దూకుతూ చదివేదే కాబట్టి మెమరీ ఎలా వాడతావో కెర్నల్‌కి చెప్పే మ్యాడ్వైజ్ కాల్‌తో రాండమ్ అని చెప్పేయి, లేకపోతే నీకు 4 కేబీ పేజీ ఒక్కటి చాలన్న చోట కెర్నల్ పక్క పేజీల్ని కూడా లాక్కొస్తుంది.

ఇక రాయడం. షేర్డ్ మ్యాపింగ్‌లో (రాసింది అసలు ఫైల్‌కి చేరే రకం) నువ్వు రాయగానే ఆ పేజీ డర్టీ అవుతుంది, అంటే మెమరీలో మారింది, డిస్క్‌లో ఇంకా మారలేదు. అది డిస్క్ మీదికి ఎప్పుడు వెళ్లేదీ మాత్రం కెర్నల్ ఇష్టం. డిఫాల్ట్‌గా సుమారు 30 సెకన్లు పాతబడ్డవాటిని రైట్‌బ్యాక్ (డర్టీ పేజీల్ని డిస్క్‌కి రాసే పని) పంపిస్తుంది, మెమరీ ఇరుకైతే ఇంకా ముందే. ఏది ముందు, ఏది వెనక అన్న హామీ లేదు. నీ డిజైన్‌లోనే చూడు: 90వ పేజీలో రికార్డ్ రాసి, ఆ తర్వాత 0వ పేజీ హెడర్‌లో దాని నంబర్ వేస్తున్నావు. హెడర్ ముందు డిస్క్‌కి చేరి, ఆ క్షణంలో కరెంట్ పోయిందనుకో, లేచాక ఆ హెడర్ చూపించే చోట చెత్త ఉంటుంది. మధ్యలో ఎమ్‌సింక్ (మ్యాపింగ్‌లో మారినవాటిని డిస్క్‌కి రాయించే కాల్) పెడితే సరే, కానీ సింక్ ఫ్లాగ్‌తోనే పెట్టాలి, ఎసింక్ ఫ్లాగ్ లినక్స్ 2.6.19 వెర్షన్ నుంచి ఏ పనీ చేయదు. మ్యాపింగ్‌ని తీసేసే మున్‌మ్యాప్ కాల్ కూడా డిస్క్‌కి ఫ్లష్ చేయదు.

ఎర్రర్లది ఇంకో తలనొప్పి. డిస్క్ నిండితే రైట్ కాల్ మర్యాదగా ఎర్రర్ కోడ్ ఇస్తుంది, అదే పాయింటర్‌తో ఫైల్‌లోని ఖాళీ చోట రాస్తే సిగ్‌బస్ అనే సిగ్నల్ వచ్చి ప్రాసెస్ పోతుంది. వేరే ప్రాసెస్ ఫైల్‌ని కుదించేసినా అంతే. వెనక జరిగే రైట్‌బ్యాక్ ఫెయిలైతే నీకు తెలిసేది తర్వాతి ఎమ్‌సింక్‌లోనో ఎఫ్‌సింక్‌లోనో (ఫైల్ మొత్తాన్ని డిస్క్‌కి రాయించే కాల్), అదీ ఒక్కసారే. మళ్లీ ప్రయత్నిస్తే సక్సెస్ అని రావచ్చు, ఎందుకంటే రాయలేకపోయిన పేజీల్ని కెర్నల్ క్లీన్ అని గుర్తేసుకుని ఉండొచ్చు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లకి ఇదే తగిలింది. అందుకే ఇప్పుడు ఎఫ్‌సింక్ ఫెయిలైతే పోస్ట్‌గ్రెస్ పానిక్ అయి (కావాలనే ఆగిపోయి), ముందే రాసిపెట్టుకున్న లాగ్ నుంచి మళ్లీ లేస్తుంది. నువ్వూ రీట్రై లూప్ పెట్టకు.

కాబట్టి మ్యాపింగ్‌ని రీడ్ ఓన్లీగా పెట్టుకుని, రాతలన్నీ పీరైట్‌తో (ఫైల్‌లో చెప్పిన చోట రాసే కాల్) చేసి, ఆ డేటాని డిస్క్‌కి చేర్చే ఎఫ్‌డేటాసింక్ పిలువు. ఎమ్మాప్ మీద నడిచే ఎల్ఎమ్‌డీబీ అనే డేటాబేస్ డిఫాల్ట్‌గా చేసేది ఇదే. మ్యాపింగూ, పీరైటూ ఒకే పేజ్ క్యాష్ మీద నడుస్తాయి కాబట్టి నువ్వు రాసింది మ్యాపింగ్‌లో వెంటనే కనిపిస్తుంది, పైగా ఎక్కడో తప్పు పాయింటర్ ఉంటే డేటా పాడుకాకుండా అక్కడికక్కడే క్రాష్ అవుతుంది, అది నీకే మంచిది. పేజ్ క్యాష్‌ని దాటేసి నేరుగా డిస్క్‌తో మాట్లాడే డైరెక్ట్ ఐఓ మాత్రం ఇందులో కలపకు.

కిల్ మైనస్ నైన్‌తో (ప్రాసెస్‌ని ఉన్నపళంగా చంపే కమాండ్) టెస్ట్ చేశాను, డేటా పోలేదు అని రాశావు. పోదు, ప్రాసెస్ చచ్చినా పేజ్ క్యాష్ కెర్నల్ దగ్గరే ఉంటుంది. వర్చువల్ మెషీన్‌లో రాతలు జోరుగా సాగుతుండగా దాన్నే ఫోర్స్ ఆఫ్ చేసి, మళ్లీ లేపి, ప్రతి రికార్డ్ చెక్‌సమ్ చూసి, ఏమొచ్చిందో నాకు పంపు.