స్క్రీన్‌ప్లే సందేహాలు: నడుమ జారిపోయే కథ

ప్రశ్న: 120 పేజీల స్క్రిప్టు రాశాను. మూడు అంకాల పద్ధతిలోనే వేసుకున్నాను. మొదలూ ముగింపూ బాగున్నాయి, మధ్య అరవై పేజీలే సాగదీసినట్టున్నాయని చదివినవాళ్లంతా అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: పేజీకి సుమారు ఒక నిమిషం అనే లెక్కన మొదటి అంకానికి ముప్పై, రెండోదానికి అరవై, మూడోదానికి ముప్పై పేజీలు. స్క్రీన్‌ప్లే రాయడం నేర్పిన అమెరికన్ సిడ్ ఫీల్డ్ 1979లో వేసిన పుస్తకంతో బాగా వ్యాపించిన కొలత ఇది. కొలత సరిపోయినంత మాత్రాన కథ నడవదు. థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది, తగ్గించదు.

ఒక్కో సీనును ఒక్కో కార్డు మీద ఒకే వాక్యంగా రాయండి: ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. మీ స్క్రిప్టుకు నలభై నుంచి అరవై కార్డులు రావచ్చు. ఇప్పుడు కార్డుకూ కార్డుకూ మధ్య ‘కాబట్టి’ అనో ‘కానీ’ అనో పెట్టి చూడండి. రెండూ అతక్క ‘ఆ తర్వాత’ మాత్రమే అతికే చోట ఎర్ర గుర్తు పెట్టండి. ఎర్ర గుర్తులు వరసగా రెండు మూడు పడ్డాయంటే చదివేవాళ్లకు ఆవులింత వచ్చింది అక్కడే. ఒకదాని తర్వాత ఒకటి జరగడం వేరు, ఒకదాని వల్ల ఒకటి జరగడం వేరు అని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు. ఇంకో పరీక్ష: పక్కపక్క సీన్లు రెంటినీ తారుమారు చేసినా కథకు ఏమీ కాకపోతే, ఒకటి అనవసరం, లేదా వాటి మధ్య కారణం రాయడం మరిచిపోయారు.

ఆ తర్వాత అరవయ్యో పేజీ దగ్గరికి రండి. చాలామంది అక్కడ పెద్ద ఫైటో ప్రమాదమో పెట్టి మలుపు అనుకుంటారు. చప్పుడు పెరిగినంత మాత్రాన మలుపు కాదు, ప్రశ్న మారాలి. తప్పిపోయిన చెల్లెలి కోసం ఒక అన్న వెతుకుతున్నాడనుకుందాం. ఆమెను ఎవరూ ఎత్తుకుపోలేదనీ, తనంతట తానే వెళ్లిపోయిందనీ సగంలో తెలుస్తుంది. ‘ఎక్కడుంది?’ అన్న ప్రశ్న పోయి ‘నా నుంచే ఎందుకు దాక్కుంది?’ అన్న ప్రశ్న వస్తుంది. రెండో అంకంలో మిగిలిన ముప్పై పేజీలకు ఇంధనం అదే. అది లేని కథలో డెబ్బయ్యో పేజీకి కొత్త విలన్ దిగుతాడు. ఆ పని మాత్రం చెయ్యకండి.

ప్రశ్న: నాట్యశాస్త్రంలోని పంచసంధులూ ఈ మూడు అంకాలూ ఒకటేనా?

జవాబు: కాదు. పంచసంధులంటే నాటక కథలోని అయిదు దశలు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అనే ఈ అయిదూ నాయకుడు ఫలానికి, అంటే తాను కోరినదానికి, ఎంత దగ్గరయ్యాడన్నదాన్ని బట్టి ఏర్పడ్డవి, పేజీలను బట్టి కాదు. ఒకదాని మీద ఒకటి అతికించబోతే రెండూ చెడతాయి. అయితే పై ప్రశ్నకు గర్భసంధి చక్కగా పనికొస్తుంది: దొరకడం, చేజారడం, మళ్లీ వెతకడం. నడిమి భాగం చప్పగా ఉందంటే చాలాసార్లు అందులో వెతకడమే ఉంటుంది. ముందు ఏదో దొరకనివ్వండి, ఆ పైన లాక్కోండి.

ప్రశ్న: కథను ముందువెనకలుగా చెప్పాలని ఉంది. ఫ్లాష్‌బ్యాక్ ఎక్కడ వేస్తే బాగుంటుంది?

జవాబు: ప్రేక్షకుడు అడిగాక. అడగకముందే వేస్తే అది సమాచారం, అడిగాక వేస్తే జవాబు.

ముందు కథనంతా జరిగిన వరసలోనే రాసుకుని సీన్లకు అంకెలు వేయండి. ఆ తర్వాత కదపండి. కదిపిన ప్రతి సీనుకూ ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని వరసలోనే చెబితే ప్రేక్షకుడు ఏ ఉత్కంఠ కోల్పోతాడు? జవాబు లేకపోతే దాని చోట దాన్ని పెట్టేయండి. గతం చూపించి వెనక్కి వచ్చాక, వర్తమానంలోని పాత్ర నిర్ణయమైనా, మన చూపైనా మారాలి. డైలాగులో అప్పటికే చెప్పేసిన సంగతినే మళ్లీ బొమ్మ కట్టి చూపించడం అన్నిటికన్నా ఎక్కువ కనిపించే తప్పు.

రెండో చిక్కు, ఏ కాలంలో ఉన్నామో తెలియకపోవడం. 2000లో వచ్చిన ‘మెమెంటో’ సినిమాలో రంగుల సీన్లు వెనక్కి, నలుపు తెలుపు సీన్లు ముందుకు నడుస్తాయి. పైగా ఒక రంగుల సీను మొదలైన క్షణమే, తర్వాత చూపించే రంగుల సీను చివర మళ్లీ కనిపిస్తుంది. అంత చిక్కు కథలో దారి తప్పకుండా పట్టుకునే తాడు అది. మీ కథలోనూ అలాంటి గుర్తు ఒకటి ఉండాలి, అదీ మొదటి మార్పులోనే పరిచయం కావాలి. తెర మీద ‘పదేళ్ల క్రితం’ అని వేయడం తప్పేం కాదు, కానీ నాలుగోసారి వేయాల్సి వచ్చిందంటే అల్లిక వదులుగా ఉన్నట్టే.

ప్రశ్న: ఇదే కథను ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్‌గా మార్చమంటున్నారు. ఎనిమిది ముక్కలు చేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. అలా కోసిన సిరీస్‌లో మూడు నుంచి ఆరో ఎపిసోడ్ దాకా అంతా నడుమే! ప్రతి ఎపిసోడ్‌కూ దానిదైన చిన్న ప్రశ్న ఉండి, అది అందులోనే తేలాలి. పెద్ద ప్రశ్న మాత్రం తెరిచే ఉంచండి. నలభై అయిదు నిమిషాల ఎపిసోడ్‌లో సాధారణంగా ఒక ప్రధాన ట్రాక్ (కథా పాయ), దానికి సగం ఉండే రెండోది, మూడు నాలుగు సీన్ల మూడోది నడిపించవచ్చు. రెండో ట్రాక్ వచ్చి ప్రధాన ట్రాక్‌ను ఎక్కడో ఒకచోట తగలాలి, లేకపోతే ప్రేక్షకుడు అది వచ్చినప్పుడల్లా ఫోన్ తీస్తాడు.

ఎపిసోడ్ చివర తలుపు చప్పుడుతో ఆపి, తర్వాతి దానిలో వచ్చింది పక్కింటివాడే అని తేలిస్తే ఒకసారి క్షమిస్తారు. దానికన్నా పాత్ర వెనక్కి తీసుకోలేని నిర్ణయం తీసుకున్న క్షణంలో ఆపండి.